పోల్చడం ముందు, పట్టిక తర్వాత

సంపాదకుల వారికి నమస్కారం.

మీ విద్యా పేజీలో వచ్చే ఇంగ్లీషు వ్యాకరణ పాఠాలను నేను వదలకుండా చదువుతాను. ఈ మధ్య ‘డిగ్రీస్ ఆఫ్ కంపారిజన్’ పాఠం, అంటే ఒకదాన్ని ఇంకోదానితో పోల్చి చెప్పే పాఠం వేశారు. పాజిటివ్ (టాల్), కంపారిటివ్ (టాలర్), సూపర్లేటివ్ (టాలెస్ట్) అని మూడు గళ్ల పట్టిక ఇచ్చారు. ‘నో అదర్’తో మొదలయ్యే వాక్యాన్ని ‘దాన్ ఎనీ అదర్’లోకి, దాన్ని మళ్లీ ‘ది బిగ్గెస్ట్’లోకి ఎలా మార్చాలో కింద చూపించారు. అందులో తప్పు ఒక్కటి కూడా లేదు. పదో తరగతి పిల్లకి మార్కులు తెచ్చిపెట్టే పాఠమే. అయితే దాని నెత్తిన ‘కొత్తగా ఇంగ్లీషు నేర్చుకునేవారి కోసం’ అని ఉంది. కొత్తవాళ్లకి ఈ పాఠం పట్టిక దగ్గర మొదలు కాకూడదు, మన తెలుగు ‘కంటే’ దగ్గర మొదలవ్వాలి అని నా గట్టి నమ్మకం. ఈ ఉత్తరం అందుకే. చోటు చాలకపోతే కత్తిరించుకోండి, ఉదాహరణలు మాత్రం దయచేసి ఉంచండి.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన టీచర్ని. ఉండేది విశాఖపట్నంలోని కంచరపాలెం. సాయంత్రాలు మా వీధిలోని కమ్యూనిటీ హాల్లో ఇంగ్లీషు చెప్తున్నాను. వచ్చేవాళ్లలో జగదాంబ వైపు బట్టల షాపుల్లో పనిచేసే అమ్మాయిలున్నారు, రైల్వే స్టేషన్ దగ్గర ఆటో నడిపే కుర్రాళ్లున్నారు, వాళ్ల వెనకాలే వచ్చి కూర్చునే ఆరు, ఏడు తరగతుల పిల్లలున్నారు.

వీళ్లకి ఏ మాటలు కావాలో చూడండి. తెలుగు రాని కస్టమరు వస్తే షాపులో అమ్మాయి ‘ఇది దానికంటే మెత్తగా ఉంటుంది, ఇది కొంచెం చవక, ఇది అన్నిటికన్నా కొత్త డిజైను’ అని చెప్పాలి. ఆటో కుర్రాడు ‘రుషికొండ దగ్గరే, భీమిలి ఇంకా దూరం, బీచ్ రోడ్డు చూడ్డానికి బాగుంటుంది గానీ హైవే మీదైతే తొందరగా వెళ్తాం’ అని చెప్పాలి. పొద్దున్నుంచి రాత్రిదాకా వాళ్లు మాట్లాడేదంతా పోలికే. అమ్మకమంటేనే పోలిక, బేరమంటేనే పోలిక. అలాంటివాళ్ల ముందు పట్టిక పెట్టి ‘టాల్, టాలర్, టాలెస్ట్’ అని వల్లె వేయిస్తే మర్నాటికల్లా చక్కగా అప్పచెప్తారు. ఆ అప్పచెప్పిన అమ్మాయే షాపుకెళ్లి ‘దిస్ శారీ ఈజ్ సాఫ్ట్ దాన్ దట్ శారీ’ అంటుంది. పట్టికలో ‘సాఫ్టర్’ ఉందని ఆ పిల్లకి తెలుసు. నోటికి మాత్రం రాదు.

ఎందుకు రాదో ఆలోచిస్తే దారి దొరుకుతుంది. తెలుగులో ‘ఈ చీర మెత్తన’ అంటాం. ‘ఈ చీర దానికంటే మెత్తన’ అన్నా ‘మెత్తన’ అనే మాట కదలదు. పోలిక భారమంతా ‘కంటే’ మోస్తుంది. ఇంగ్లీషులో ఆ భారాన్ని రెండు చోట్ల పెట్టాలి. ‘దాన్’ ఒకటే చాలదు, ‘సాఫ్ట్’ కూడా ‘సాఫ్టర్’ కావాలి. తెలుగు బుర్ర ‘దాన్’ పెట్టగానే పని అయిపోయిందనుకుంటుంది. ‘సాఫ్ట్ దాన్’ అన్న పిల్లకి బద్ధకమూ లేదు, మతిమరుపూ లేదు. తన భాషలో పద్ధతిగా ఉన్నదాన్నే పట్టుకెళ్లి అక్కడ పెట్టింది. ఈ సంగతి ఒక్కసారి పక్కపక్కన రాసి చూపిస్తే చాలు, పెద్దవాళ్లు ఇట్టే పట్టుకుంటారు.

అందుకని నా దగ్గర మొదటి పాఠంలో సూపర్లేటివ్ ఊసే ఉండదు. రెండు వస్తువులు బల్ల మీద పెడతాను. ఒక పెద్ద సీసా, ఒక చిన్న సీసా. ‘దిస్ బాటిల్ ఈజ్ బిగ్గర్ దాన్ దట్ బాటిల్.’ వస్తువులు మారతాయి గానీ వాక్యం సాంచా మారదు. నోరు ఆ దారికి అలవాటుపడేదాకా అదే. రాయడం దాని తర్వాత. ‘బిగ్’ చివర జీ ఎందుకు రెండయింది, ‘హ్యాపీ’ చివర వై ఎందుకు ఐ అయింది, ‘నైస్’కి ఆర్ ఒక్కటే ఎందుకు చాలింది అనేవి నోట్‌బుక్కులో తేల్చుకునే సంగతులు. నోరు తిరగకముందే స్పెల్లింగు మీద పడితే మాట ఆగిపోతుంది. నా అనుభవంలో పెద్దవాళ్లు తరగతి మానేసేది ఇదిగో ఇక్కడే.

తెలుగువాళ్లు తరచుగా చేసే మరి రెండు తప్పులకి కూడా మూలం తెలుగులోనే ఉంది. ఏ పాఠంలోనూ వీటికి కారణం చెప్పగా నేను చూడలేదు.

మొదటిది ‘వెరీ టాలర్’. మనం ‘చాలా పొడుగు’ అంటాం, ‘వాడికంటే చాలా పొడుగు’ అని కూడా అంటాం. ఒకే ‘చాలా’ రెండు చోట్లా సరిపోతుంది. ఇంగ్లీషులో పోలిక లేకపోతే ‘వెరీ టాల్’, పోలిక ఉంటే ‘మచ్ టాలర్’. ‘కొంచెం’ అనాలంటే ‘ఎ లిటిల్ టాలర్’. ‘మచ్ చీపర్’, ‘ఎ లిటిల్ చీపర్’ అనే ఈ రెండూ వచ్చాయంటే షాపు అమ్మాయి సగం గెలిచినట్టే. పరీక్ష పేపర్లు వీటిని అడగవు, కాబట్టి పుస్తకాల్లో వీటికి చోటు దొరకదు.

రెండోది ‘మోర్ బెటర్’. మనం ‘ఇంకా బాగుంది’ అంటాం. ఆ ‘ఇంకా’ని ‘మోర్’ చేసి, ‘బాగుంది’ని ‘బెటర్’ చేసి కలిపేస్తారు. ‘బెటర్’ లోపలే ‘ఇంకా’ ఉందని చెప్పాలి. ‘ఇంకా’ని విడిగా పలకాలనిపిస్తే ‘ఈవెన్ బెటర్’ అని ఇవ్వాలి. తీసేసిన మాట చోట ఏం పెట్టుకోవాలో చెప్పకుండా ‘తప్పు’ అని ఊరుకుంటే ఆ తప్పు వారానికే తిరిగొస్తుంది. ఇంకో సంగతి, ఇలా రెండూ కలిపి వాడటం షేక్‌స్పియర్ కాలం ఇంగ్లీషులో మామూలే. ఇవాళ తప్పు కాబట్టి దిద్దాలి, నిజమే. ఇంగ్లీషువాళ్లే ఒకప్పుడు అన్న మాట అన్నందుకు పిల్లని బెంచీ ఎక్కించడం మాత్రం అన్యాయం.

మోర్ ఎప్పుడు, ఈఆర్ ఎప్పుడు అని పిల్లలు అడుగుతారు. నోరు ఒక్కసారి తెరిచి పలికే చిన్న మాటలకి ఈఆర్: చీపర్, ఓల్డర్, హాటర్. మూడుసార్లు, అంతకన్నా ఎక్కువ తెరవాల్సిన మాటలకి మోర్: ఎక్స్-పెన్-సివ్, బ్యూ-టి-ఫుల్, కం-ఫర్-ట-బుల్. రెండుసార్ల మాటల్లో వై అక్షరంతో ముగిసేవి ఎక్కువగా ఈఆర్ వైపే: బిజియర్, ఈజియర్. మిగిలిన వాటిలో ‘క్లెవర్’ లాంటివి ఎటైనా చెల్లుతాయి. చప్పట్లు కొట్టి లెక్కపెట్టమంటే ఆరో తరగతి పిల్లలు ఈ పంపకం తామే చేసేస్తారు. దీని వెనక కథ కూడా ఉంది. ఈఆర్, ఈఎస్టీ పాత ఇంగ్లీషు నాటి తోకలు. ఫ్రెంచి, లాటిన్‌ల నుంచి పొడవాటి మాటలు వెల్లువగా వచ్చాక ‘మోర్’, ‘మోస్ట్’ పెట్టే పద్ధతి బాగా స్థిరపడింది. ‘గుడ్, బెటర్, బెస్ట్’లో మొదటిదానికీ మిగతా రెండింటికీ పుట్టుకలోనే సంబంధం లేదు. వేరే మూలం నుంచి వచ్చి ఒక ఇంట్లో కలిసిన మాటలవి. ‘గుడర్ ఎందుకు కాదు’ అని అడిగే పిల్ల ఉంటే ఈ జవాబు చెప్పాలి. ‘అదంతే’ అనడం జవాబు కాదు.

ఇక సూపర్లేటివ్. ‘ఏటి మేడమ్, టాలర్‌కి దాన్ వచ్చి టాలెస్ట్‌కి ఎందుకు రాదు?’ అని ఒక ఆటో కుర్రాడు అడిగాడు. ఎంత మంచి ప్రశ్న! తెలుగులో రెంటికీ ‘కన్నా’నే వాడతాం. ‘వాడికన్నా పొడుగు’, ‘అందరికన్నా పొడుగు’. అందుకే మనవాళ్ల నోట ‘టాలెస్ట్ దాన్ ఆల్’ వస్తుంది. ఇంగ్లీషు ఇక్కడ దారి మార్చేస్తుంది. అందరితో పోల్చడం మానేసి, గుంపు లోపలికి వెళ్లి ఒకరిని వేలు పెట్టి చూపిస్తుంది. వేలు పెట్టి చూపించడమే ఆ ‘ది’. అందుకే దాన్ని వదలకూడదు. గుంపు ఒక చోటైతే ‘ఇన్’: ‘ది టాలెస్ట్ బాయ్ ఇన్ ది క్లాస్’. గుంపు లెక్కపెట్టిన మనుషులో వస్తువులో అయితే ‘ఆఫ్’: ‘ది టాలెస్ట్ ఆఫ్ ది త్రీ’. తెలుగులో ‘అందరిలోకీ పొడుగు’ అనే మాట కూడా ఉంది కదా. ఇంగ్లీషు వాక్యానికి దగ్గరి చుట్టం అదే. మొదట ఆ తెలుగు వాక్యం చెప్పించి, తర్వాత ఇంగ్లీషులోకి వెళ్తే ‘దాన్’ దానంతటదే రాలిపోతుంది.

‘ఎందులో’ అని అడగకుండా సూపర్లేటివ్ వాడకూడదని పిల్లలకి నేర్పడానికి మన ఊరికంటే మంచి పాఠం లేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు 11 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు ఉన్న విశాఖ జిల్లా 1,048 చదరపు కిలోమీటర్లకి తగ్గింది. విస్తీర్ణంలో రాష్ట్రంలోకెల్లా చిన్న జిల్లా అయింది. అదే విశాఖ నగరం 2011 జనాభా లెక్కల ప్రకారం 17 లక్షల పైచిలుకుతో ఇప్పటి రాష్ట్రంలోకెల్లా పెద్ద నగరం. విజయవాడ 10 లక్షల పైచిలుకు. ‘ది స్మాలెస్ట్ డిస్ట్రిక్ట్’, ‘ది బిగ్గెస్ట్ సిటీ’ రెండూ నిజమే, రెండూ మనమే. ఈ రెండు వాక్యాలు బోర్డు మీద రాస్తే తరగతిలో గొడవ మొదలవుతుంది. ‘విస్తీర్ణంలోనా, జనాభాలోనా’ అని వాళ్లే అడుగుతారు. నాకు కావలసింది ఆ గొడవే.

‘ఎప్పుడు’ అని అడగడం నేర్పడానికి అరకు రైలుంది. కొత్తవలస, కిరండూల్ లైను మీద బొర్రా గుహలు దాటాక శిమిలిగుడ స్టేషన్ వస్తుంది. సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తు. దేశంలో అన్నిటికన్నా ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషన్ అని మేమంతా గర్వంగా చెప్పుకునేవాళ్లం. 2008లో కాశ్మీర్ లోయలో రైళ్లు తిరగడం మొదలయ్యాక ఆ స్థానం అటు వెళ్లిపోయింది. కాబట్టి ‘ఇట్ ఈజ్ ది హైయెస్ట్’ అనకూడదు, ‘ఇట్ వజ్ ది హైయెస్ట్’ అనాలి. ఒక్క క్రియ మారింది. రైలు చరిత్ర కొంత ఆ క్రియలో ఇమిడింది. ఇలాంటి వాక్యం ఒకటి నేర్చుకున్న పిల్ల దాన్ని జన్మలో మరచిపోదు. మీ పాఠంలో ఇచ్చిన ‘రామా ఈజ్ ది టాలెస్ట్ బాయ్’లో ఆ రాముడు ఎవరో, ఏ ఊరి వాడో ఎవరికీ తెలియదు.

మన చుట్టూ ఇంత సరుకుంటే ఎక్కడి రాముడో ఎందుకు? ఆర్కే బీచ్‌లో కుర్సుర సబ్‌మెరైన్ పొడవు 91 మీటర్లు. రోడ్డుకి అవతల ఉన్న టీయూ-142 విమానం 53 మీటర్లు. ‘ది సబ్‌మెరైన్ ఈజ్ మచ్ లాంగర్ దాన్ ది ప్లేన్.’ పిల్లలు రెండూ ఎక్కి చూసినవే. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో పుట్టింది, ఓడరేవు 1933లో తెరిచారు, షిప్‌యార్డు 1941లో మొదలైంది. ‘ది పోర్ట్ ఈజ్ ఓల్డర్ దాన్ ది షిప్‌యార్డ్. ది యూనివర్సిటీ ఈజ్ ది ఓల్డెస్ట్ ఆఫ్ ది త్రీ.’ ఇంట్లో తాతగారో మావయ్యగారో షిప్‌యార్డులో పనిచేసి ఉంటే ఆ పిల్లవాడు సంవత్సరాలు తెలుసుకుని వచ్చి తరగతికే చెప్తాడు. ఫిషింగ్ హార్బర్‌లో వంజరం, చందువా, కవళ్లు, నెత్తళ్లు ఉన్నాయి. ఏది ఖరీదో, ఏది చవకో, ఏది పెద్దదో, ఏది రుచో! రుచి దగ్గరికి వచ్చేసరికి తరగతి రెండుగా చీలిపోతుంది, ‘టేస్టియర్’ అనే మాట అరుచుకుంటూ నేర్చుకుంటారు. రైతు బజారులో ధరల బోర్డుంటుంది. ఎంవీపీ కాలనీ బజారుకి వెళ్లినవాళ్లు ఆ బోర్డు ఫోటో తీసుకొస్తే ఒక సాయంత్రం పాఠం దానితోనే అయిపోతుంది. ‘బెండకాయ ఈజ్ చీపర్ దాన్ చిక్కుడుకాయ’ అని సగం తెలుగులో అన్నా నేను ఆపను. కూరగాయల పేర్లు రేపు నేర్చుకోవచ్చు, ముందు ‘చీపర్ దాన్’ నోట్లో స్థిరపడాలి.

ఇక్కడ ఒక విషయం కటువుగానే చెప్పాలి. పోలిక నేర్పడానికి చాలామంది టీచర్లు పిల్లల్నే నిలబెడతారు. ఎత్తు అయితే ఒక్కోసారి సరదాగా గడిచిపోతుంది. కానీ ఒక బడిలో బోర్డు మీద ‘ఫెయిర్, ఫెయిరర్, ఫెయిరెస్ట్’ రాసి, ముగ్గురు ఆడపిల్లలని పక్కపక్కన నిలబెట్టి, రంగు చూసి వాక్యాలు చెప్పించడం నేను కళ్లారా చూశాను. మొదటి మాటకి నిలబడ్డ పిల్ల తల ఎత్తలేదు. ఆ పిల్లకి ఆ రోజు ఏ వ్యాకరణం వచ్చిందో నేను చెప్పగలను: ఏమీ రాలేదు. లావు, సన్నం, తెలివి, మార్కులు కూడా అంతే. ఇంట్లో చుట్టాలు ఎలాగూ పోలుస్తూనే ఉంటారు, బడి కూడా ఆ పని చెయ్యాలా? విశేషణాలకి కరువు లేదు. కొండలున్నాయి, ఓడలున్నాయి, దూరాలున్నాయి, ధరలున్నాయి. వ్యాకరణ పుస్తకాలు రాసేవాళ్లు, మీ పేజీకి పాఠాలు పంపేవాళ్లు మనుషుల ఒంటి రంగుతో వాక్యాలు కట్టడం ఇకనైనా మానాలని చేతులు జోడించి అడుగుతున్నాను.

మనుషుల గురించి చెప్పక తప్పని పోలిక వయసు. ‘అన్నయ్య నాకంటే పెద్ద’ అనేదాన్ని మన పిల్లలు ‘బిగ్గర్ దాన్ మీ’ చేస్తారు. అది ఒళ్లు గురించిన మాటైపోతుంది. ‘ఓల్డర్ దాన్ మీ’ అనాలి. చెల్లి ‘యంగర్’. ‘ఎల్డర్’ ఉంది గానీ అది ‘మై ఎల్డర్ బ్రదర్’లా పేరు ముందే నిలుస్తుంది, దాని తర్వాత ‘దాన్’ రాదు. తెలుగు ‘పొడుగు’, ‘ఎత్తు’ కూడా ఇలాగే ఇంగ్లీషులో విడిపోతాయి. మనిషైతే ‘టాల్’, కొండైతే ‘హై’, జడైతే ‘లాంగ్’. ఇవి పట్టికలో దొరకవు, వాక్యాల్లోనే దొరుకుతాయి.

తెలుగు ఎప్పుడూ అడ్డం వస్తుందని అనుకోకండి, చాలా చోట్ల దారి చూపిస్తుంది. ‘గాజువాక మధురవాడంత దూరం కాదు’ అంటాం. ఆ ‘అంత’ ఉందే, అదే ‘యాజ్ ఫార్ యాజ్’. ‘నాట్ యాజ్ ఫార్ యాజ్’ని పాజిటివ్ డిగ్రీ అనే పేరుతో మార్పిడి లెక్కల్లోకి నెట్టేశారు గానీ, రోజువారీ మాటల్లో ఇంత మర్యాదైన పోలిక మరొకటి లేదు. ‘ఇది దానంత బాగాలేదు’ అని కస్టమరుకి సౌమ్యంగా చెప్పడానికి అదే దారి. ‘ఎంత తొందరగా వస్తే అంత మంచిది’ అనేదానికి ‘ది సూనర్, ది బెటర్’ అచ్చంగా సరిపోతుంది. ఇది చూపించినప్పుడు వాళ్ల ముఖాలు వెలిగిపోతాయి, తమ భాషలో ఉన్నదే అక్కడా ఉందని. ‘సీనియర్’, ‘జూనియర్’లకి ‘దాన్’ రాదు, ‘టు’ వస్తుంది అని పుస్తకం హెచ్చరిస్తుంది. డాక్‌యార్డులో పనిచేసేవాళ్ల ఇళ్లలో ‘ఆయన నాకు సీనియర్’ అని ఎప్పట్నుంచో అంటున్నారు. ఆ ‘కు’నే ‘టు’ అనుకోమంటే సరి, హెచ్చరికలు అక్కర్లేదు.

ఇలా వాడుక భాష ఆధారంగా చెప్పాలనడం నా కొత్త ఊహ కాదు. దీనికి మన ఉత్తరాంధ్రలోనే పెద్ద వంశం ఉంది. 1906, 1907 ప్రాంతంలో పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్ దొర, ఇక్కడి ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గిడుగు రామమూర్తి పంతులుగారు, విజయనగరంలో గురజాడ అప్పారావుగారు కలిసి బతికున్న భాషతో బోధన సాగాలని ఆలోచించినవారే. వారి పట్టుదల తెలుగు గురించి. బోధన సూత్రం మాత్రం ఏ భాషకైనా అదే: పిల్ల నోట ఉన్న మాట దగ్గర మొదలుపెట్టి తెలియనిదాని దగ్గరికి నడిపించాలి. ఏవీఎన్ కాలేజీ మెట్లు దిగి నడిస్తే వచ్చే వీధుల్లో ఇప్పటికీ ‘టాల్, టాలర్, టాలెస్ట్’ కంఠస్థం చేయిస్తుంటే నాకు బాధగా ఉంటుంది.

మార్పిడి ప్రశ్నల మీద నాకు కక్ష లేదు. తొమ్మిది, పది తరగతుల్లో, పోలిక నోటికి వచ్చాక, ఒకే మాటని మూడు రకాలుగా చెప్పగలగడం మంచి కసరత్తే. ‘వన్ ఆఫ్ ది ఓల్డెస్ట్’ తర్వాత ‘కాలేజెస్’ అని బహువచనం రావాలని అప్పుడే గట్టిపడుతుంది. విశాఖ జనాభాని విజయవాడ జనాభాతో పోల్చేటప్పుడు ‘దట్ ఆఫ్ విజయవాడ’ అనాలని కూడా అప్పుడు చెప్పవచ్చు. ఆరో తరగతిలో, స్పోకెన్ తరగతి తొలి వారంలో మాత్రం అది కాళ్లకి బంధం.

బడి టీచర్లకి ఖర్చు లేని ఉపాయం ఒకటి. 2020-21 నుంచి మన ప్రభుత్వ బడుల్లో లెక్కలు, సైన్సు లాంటి పుస్తకాలు ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగుగా వస్తున్నాయి. ఇంగ్లీషు మాస్టారు ఆ సైన్సు పుస్తకం తెరిపించి, తెలుగు పేజీలో ‘కంటే’, ‘కన్నా’, ‘అత్యంత’ ఉన్న చోటల్లా పెన్సిలుతో గీత గీయించి, ఎదురు పేజీలో దానికి జోడీ వెతకమనాలి. గ్రహాల పాఠం వచ్చిందంటే పండగే. బుధుడు సూర్యుడికి అన్నిటికన్నా దగ్గర, అయినా శుక్రుడు అంతకన్నా వేడి. ‘మెర్క్యురీ ఈజ్ నియరర్ టు ది సన్, బట్ వీనస్ ఈజ్ హాటర్.’ సైన్సు మాస్టారు, ఇంగ్లీషు టీచరు ఒకే వాక్యం మీద కలుస్తారు. ఎందుకు వేడి అని పిల్లలు అడిగితే, శుక్రుడి చుట్టూ దట్టంగా ఉన్న కార్బన్ డయాక్సైడ్ వేడిని బయటికి పోనివ్వదని సైన్సు మాస్టారు చెప్తారు.

చివరగా మీ పేజీకి నా విన్నపం. మార్కెట్ ధరలు మీరు రోజూ వేస్తూనే ఉన్నారు, ఊళ్లవారీగా ఉష్ణోగ్రతలు వేస్తూనే ఉన్నారు. వారానికి ఒక రోజు అవే అంకెలు తీసుకుని విద్యా పేజీలో ఐదు పోలిక వాక్యాలు వెయ్యండి. తెలుగు వాక్యం పైన, ఇంగ్లీషు వాక్యం కింద, ‘కంటే’, ‘దాన్’ రెండూ ముద్దక్షరాల్లో. విశాఖ ఎడిషన్లో అనకాపల్లి బెల్లం ధర, అరకు చలి, ఇక్కడి ఉక్కపోత ఉంటే పిల్లలు తమ ఊరి సంగతి అనుకుని చదువుతారు. పట్టిక నెల చివర ఇవ్వండి, అప్పటికి అందులోని మాటలన్నీ వాళ్లు వాడినవే అయి ఉంటాయి. మొదటి నెలకి కావలసిన వాక్యాలు రాసి పంపడానికి నేను సిద్ధం, పారితోషికం అక్కర్లేదు. మీ ఉపసంపాదకులు ఎవరైనా కబురు పెడితే చాలు.

ఇట్లు,
విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయిని,
కంచరపాలెం, విశాఖపట్నం.